ట్రోలింగ్ మోటార్ బ్యాటరీ: చేపలు పట్టి ఇంటికొచ్చిన రాత్రే చేయాల్సిన పని

అక్టోబర్‌లో ఒక శనివారం, సాయంత్రం నాలుగింటికి లేక్ లవాన్ మధ్యలో మా పడవ ఆగిపోయింది. డాలస్‌కి ఈశాన్యంగా ఉండే ఈ సరస్సు మీద దక్షిణపు గాలి తిరిగితే అలలు గట్టిగానే లేస్తాయి. పధ్నాలుగు అడుగుల జాన్ బోట్ (అడుగు చదునుగా ఉండే చిన్న పడవ), అందులో నేనూ మా పదేళ్ళ అబ్బాయీ. పొద్దున చక్కగా తిరిగిన ట్రోలింగ్ మోటారు, అంటే పడవని మెల్లగా నడపడానికి బ్యాటరీతో తిరిగే చిన్న మోటారు, ఇప్పుడు డయల్ చివరిదాకా తిప్పినా మూలుగుతోందే తప్ప పడవని కదపడం లేదు. పడవని నీళ్ళలోకి దించే ర్యాంపు ఇంకా మైలున్నర. ఉన్నది ఒక్కటే తెడ్డు. ఎదురుగాలికి తెడ్డు వేసుకుంటూ ఒడ్డు చేరేసరికి చీకటి పడింది. వాడు ఏడవలేదు గానీ, దారంతా నోరు విప్పలేదు.

ఆ బ్యాటరీ కొని ఏడాదిన్నర కూడా కాలేదు. ఎందుకిలా అయిందా అని వెనక్కి వెళ్ళి చూసుకుంటే దొరికిన కారణం ఇది: అంతకు మూడు వారాల ముందు చేపలు పట్టి వచ్చిన రాత్రి అలసిపోయి, "మళ్ళీ వెళ్ళే ముందురోజు పెట్టొచ్చులే" అని ఛార్జింగ్ పెట్టకుండా గరాజ్‌లో వదిలేశాను. వారం అనుకున్నది మూడు వారాలైంది. వెళ్ళే ముందురాత్రి ఛార్జర్ తగిలిస్తే పొద్దునకి పచ్చలైటు వెలిగింది. ఆ లైటుని నమ్మి బయల్దేరాను.

లెడ్ యాసిడ్ బ్యాటరీలో కరెంటు వాడుతున్నప్పుడు ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది. వెంటనే ఛార్జ్ చేస్తే అది మెత్తగా ఉంటుంది కాబట్టి తిరిగి కరిగిపోతుంది. రోజులు, వారాలు అలాగే వదిలేస్తే గట్టి స్ఫటికాలుగా మారి, ఆ తర్వాత ఎంత ఛార్జ్ చేసినా పూర్తిగా వదలదు. అంత మేర ప్లేటు పనికిరాకుండా పోయినట్టే. మిగిలిన కాస్త ప్లేటు తొందరగా నిండిపోతుంది, ఛార్జర్ "నిండింది" అంటుంది. అది చెప్పేది నిజమే, కాకపోతే బిందె కాస్తా చెంబైపోయిందన్న సంగతి దానికి తెలియదు.

అందుకే ఈ వ్యాసంలో నేను చెప్పేవాటిలో ఒక్కటే గుర్తుంటుందంటే, ఇది గుర్తుపెట్టుకోండి: పడవ ట్రెయిలర్ మీద ఇంటికి చేరిన రాత్రే, స్నానానికి వెళ్ళేముందే, ఛార్జింగ్ పెట్టండి. రెండు గంటలే తిరిగినా సరే పెట్టండి.

ముందు మీ దగ్గర ఉన్నది ఏ రకమో చూసుకోండి

బ్యాటరీ మీద అంటించిన కాగితం చదవండి. పైన తీసే మూతలు ఉండి, లోపల యాసిడ్ నీళ్ళు కనబడితే అది ఫ్లడెడ్ రకం. మన ఊళ్ళలో ఇన్వర్టర్ కింద పెట్టి, రెండు మూడు నెలలకోసారి డిస్టిల్డ్ వాటర్ పోసే బ్యాటరీకి ఇది దగ్గరి చుట్టం. మూతలు లేకుండా సీలు వేసి, ఏజీఎం అని రాసి ఉంటే అందులో యాసిడ్ గాజు పీచులో ఇంకి ఉంటుంది, నీళ్ళు పోసే పని లేదు. చేత్తో ఎత్తితే ఇంత తేలికా అనిపించి, 12.8 వోల్టులు అని రాసి ఉంటే అది లిథియం ఐరన్ ఫాస్ఫేట్.

ఇంకొకటి తప్పక చూడాలి. కాగితం మీద "డీప్ సైకిల్" అని ఉందా, లేక "స్టార్టింగ్" అనో "క్రాంకింగ్" అనో ఉందా? కారు బ్యాటరీలో పల్చటి ప్లేట్లు చాలా ఉంటాయి. ఇంజన్ తిప్పడానికి కొన్ని సెకన్లపాటు పెద్ద కరెంటు ఇచ్చి, వెంటనే ఆల్టర్నేటర్ దగ్గర తిరిగి తీసుకుంటుంది. దాన్ని గంటలకొద్దీ సగం పైగా ఖాళీ చేసి నింపుతూ పోతే కొన్ని పదుల సార్లకే చేతులెత్తేస్తుంది. డీప్ సైకిల్ ప్లేట్లు మందంగా ఉంటాయి, ఈ పనికే చేసినవి. దుకాణంలో "మెరైన్" అన్న మాట ఒక్కటే చూసి కొనకండి, మెరైన్ స్టార్టింగ్ బ్యాటరీలు కూడా అదే అరలో ఉంటాయి. కాగితం మీద ఆంపియర్ అవర్లు గానీ, రిజర్వ్ కెపాసిటీ నిమిషాలు గానీ పెద్దక్షరాల్లో ఉంటే మంచిది. రిజర్వ్ కెపాసిటీ 180 అంటే 25 ఆంపియర్ల చొప్పున మూడు గంటలు ఇస్తుందని.

పడవకి పెట్రోల్ ఇంజన్ కూడా ఉంటే, దాని స్టార్టింగ్ బ్యాటరీకి ట్రోలింగ్ మోటారు తగిలించకండి. రెంటికీ వేరువేరు బ్యాటరీలు ఉండాలి. చేపల వెనక తిరిగి తిరిగి ఆ ఒక్క బ్యాటరీ దిగిపోతే ఇంటికి రావడానికి ఇంజనూ స్టార్ట్ కాదు.

ఎంతసేపు వస్తుంది?

చిన్న పడవలకి ఎక్కువగా వాడేది 12 వోల్టుల మోటారు, 30 నుంచి 55 పౌండ్ల థ్రస్ట్, అంటే పడవని తోసే బలం. 55 పౌండ్ల మోటారు నిండు వేగంలో సుమారు 50 ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ మీద 100 ఆంపియర్ అవర్ అని ఉంటే 50 చొప్పున రెండు గంటలు వస్తుందని లెక్క వేసుకోవడం సహజం. కానీ ఆ 100 అన్నది 5 ఆంపియర్ల చొప్పున 20 గంటలు నిదానంగా వాడితే వచ్చే లెక్క. తొందరగా లాగేకొద్దీ లెడ్ యాసిడ్ బ్యాటరీ ఇచ్చేది తగ్గిపోతుంది. 50 ఆంపియర్లు లాగితే గంటా పావుకి అటూ ఇటూగా అడుగంటుతుంది. సగానికి మించి దించకూడదనే నియమం పెట్టుకుంటే నిండు వేగం ముప్పావు గంట కూడా రాదు.

డయల్ సగానికి తగ్గిస్తే కథ మారిపోతుంది. మా మోటారు వైరుకి క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచేది) పెట్టి చూస్తే సగం వేగంలో 15 నుంచి 18 ఆంపియర్ల మధ్య చూపించింది. పడవ వేగం మాత్రం సగం కంటే చాలా ఎక్కువే ఉంది. చేప దొరికే చోట మెల్లగా తిరగడానికి ఇది ధారాళంగా సరిపోతుంది. అందుకని వెళ్ళేటప్పుడు గాలికి ఎదురుగా వెళ్ళి, వచ్చేటప్పుడు గాలివాటున రండి. మా లవాన్ ప్రయాణంలో నేను చేసింది దీనికి సరిగ్గా వ్యతిరేకం.

మీ మోటారు ఐదు మెట్ల స్విచ్ ఉండే పాత రకమైతే, తక్కువ మెట్టులో కూడా కొంత కరెంటు వేడిగా వృథా అవుతుంది. మెట్లు లేకుండా సాఫీగా తిరిగే డయల్ ఉన్న మోటార్లు కరెంటుని ముక్కలు ముక్కలుగా పంపుతాయి కాబట్టి తక్కువ వేగంలో ఎక్కువసేపు వస్తాయి. కొత్తది కొనే ఉద్దేశం ఉంటే ఆ కాస్త ఎక్కువ డబ్బు పెట్టండి. ఈ మోటార్లు ఇవాళ్టివి కావు, మిన్ కోటా కంపెనీ 1934లో నార్త్ డకోటాలోని ఫార్గోలో మొదలైంది. మిన్నెసోటా, డకోటా సరిహద్దు మీద ఉండే ఊరు కాబట్టి ఆ పేరు. ఇన్నేళ్ళలో మోటారు చాలా మారింది. దాని కింద పెట్టే లెడ్ బ్యాటరీ మాత్రం 1859లో ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే చేసిన సూత్రం మీదే ఇంకా నడుస్తోంది.

ఛార్జింగ్, ఒక్కో పనీ వరసగా

పడవని గరాజ్‌లోకి తెచ్చాక ముందు మోటారు ప్లగ్గు తీసేయండి, లేదా బ్రేకర్ ఆపేయండి. ఛార్జింగ్ జరుగుతుండగా మోటారు బ్యాటరీకి తగిలి ఉండకూడదు. బ్యాటరీ పెట్టె మూత తీసి పక్కన పెట్టండి, పడవలో బ్యాటరీ ఉన్న అర తలుపు తెరవండి, గరాజ్ తలుపు కనీసం ఒక అడుగు ఎత్తి ఉంచండి. ఛార్జింగ్ చివర్లో లెడ్ యాసిడ్ బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది. గాలిలో అది 4 శాతం చేరితే చిన్న నిప్పురవ్వకే పేలుతుంది. చాలా ఇళ్ళలో గ్యాస్ వాటర్ హీటర్ గరాజ్‌లోనే ఉంటుంది, దాని పక్కన ఎప్పుడూ పెట్టకండి.

టెక్సస్ ఎండలో రోజంతా తిరిగొచ్చిన బ్యాటరీని ముట్టుకుంటే కాలుతుంటే గంటో రెండు గంటలో చల్లారనివ్వండి. అంతకు మించి ఆలస్యం వద్దు.

ఫ్లడెడ్ రకమైతే మూతలు తీసి లోపలికి టార్చ్ వేసి చూడండి. ప్లేట్లు నీళ్ళలో మునిగి ఉంటే ఇప్పుడు ఏమీ పోయకండి. పైకి తేలి కనబడితే అవి మునిగేంతవరకే డిస్టిల్డ్ వాటర్ పోయండి. మిగతాది ఛార్జింగ్ అయ్యాకే. ముందే నిండుగా పోస్తే ఛార్జింగ్‌లో యాసిడ్ వ్యాకోచించి, బుడబుడమని పొంగి పైకి కారుతుంది. ఆ కారినదాంతోనే టెర్మినల్స్‌కి చిలుము పడుతుంది, ట్రెయిలర్ ఇనుము తినేస్తుంది.

ఇప్పుడు ఛార్జర్. గోడలో ప్లగ్గు పెట్టకముందే ఎర్ర క్లిప్పు ప్లస్‌కి, నల్ల క్లిప్పు మైనస్‌కి తగిలించండి. ఛార్జర్ మీద బ్యాటరీ రకం ఎంచుకునే మీట ఉంటే సరిగ్గా పెట్టండి. ఆ తర్వాతే గోడ ప్లగ్గు. తీసేటప్పుడు దీనికి తిరగేసి: ముందు గోడ ప్లగ్గు, తర్వాత నలుపు, ఆఖర్న ఎరుపు. ఈ వరస చాదస్తం కాదు. రవ్వ వచ్చేది క్లిప్పు తగిలించేటప్పుడూ తీసేటప్పుడే, సరిగ్గా హైడ్రోజన్ ఉండే చోటే.

ఛార్జర్ ఎంతది ఉండాలి? ఆంపియర్ అవర్లలో పదోవంతు నుంచి ఆరోవంతు దాకా. 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి 10 లేదా 15 ఆంపియర్ల ఛార్జర్ సరిపోతుంది. సగం వాడిన బ్యాటరీకి 10 ఆంపియర్లతో ఎనిమిది నుంచి పది గంటలు పడుతుంది. "50 ఆంపియర్ అవర్లు వాడాను, పది చొప్పున ఐదు గంటలు చాలు" అనుకోకండి. మంచి ఛార్జర్ మొదట నిండు కరెంటు ఇస్తుంది. ఎనభై శాతం దగ్గరికొచ్చాక వోల్టేజీని 14.4 నుంచి 14.8 మధ్య నిలిపి కరెంటు క్రమంగా తగ్గిస్తుంది. ఆఖరి ఇరవై శాతం ఎక్కడానికే నాలుగైదు గంటలు పడుతుంది. ఆ తర్వాత 13.2 నుంచి 13.5కి దిగి కాపలా కాస్తుంది. రోజుకు పన్నెండు వోల్టుల బ్యాటరీలు నాలుగు చూసే మెకానిక్కులు కూడా ఈ రెండో దశని తొందరపడి మధ్యలో ఆపేయడం చూశాను. ప్రతిసారీ తొంభై దగ్గర ఆపేస్తూ పోతే ఆ మిగిలిన పది శాతం సల్ఫేట్ ఎప్పటికీ కరగదు.

పాత రోజుల్లో వాడిన, బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఛార్జర్, దానంతటది ఆగనిది, ఎవరైనా ఊరికే ఇస్తానన్నా తీసుకోకండి. రాత్రి పెట్టి మర్చిపోతే పొద్దునకి నీళ్ళు ఆవిరైపోయి ప్లేట్లు ఎండిపోతాయి. ఏజీఎం అయితే మరీ ప్రమాదం, పోయిన నీటిని తిరిగి పోసే దారే లేదు.

ఎక్స్‌టెన్షన్ కార్డ్ వాడాల్సి వస్తే లావుపాటిది, బయట వాడటానికి తగినది తీసుకోండి. నేల తడిగా ఉంటుంది కాబట్టి టెస్ట్, రీసెట్ బటన్లు ఉన్న ఔట్‌లెట్‌కే పెట్టండి.

అపార్ట్‌మెంట్‌లో ఉంటూ పడవని అద్దె స్థలంలో పెట్టుకునేవాళ్ళకి ఇది కష్టమే. మొదటి రెండేళ్ళు నాదీ అదే పరిస్థితి. బ్యాటరీని విప్పి ఇంటికి తేవడం తప్ప మార్గం లేదు. గ్రూప్ 27 సైజు బ్యాటరీ పాతిక కిలోలకి అటూ ఇటూగా ఉంటుంది, పట్టీ వేసి నిటారుగా మోయండి, నడుము వంచి ఎత్తకండి. పాటియోలోనో బాల్కనీలోనో ప్లాస్టిక్ తొట్టిలో పెట్టి ఛార్జ్ చేయండి. పడకగదిలో, బట్టల క్లోజెట్‌లో ఎప్పుడూ వద్దు. ఇలా మోసుకోవాల్సినవాళ్ళకి ఏజీఎం, వీలైతే లిథియం, మంచి ఎంపిక.

నీళ్ళు పోయడం

ఛార్జింగ్ పూర్తయి గంట గడిచాక మూతలు తీయండి. కళ్ళకి అద్దాలు, చేతులకి రబ్బరు తొడుగులు పెట్టుకోండి. ఆ యాసిడ్ చుక్క నూలు చొక్కా మీద పడితే అప్పుడేమీ కనబడదు, ఉతికాక చిల్లు పడుతుంది. ప్రతి సెల్‌లోనూ మూత దగ్గర్నుంచి లోపలికి దిగిన ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది. దాని అడుగుకి 3 మిల్లీమీటర్ల కింద వరకు నీళ్ళు ఉండాలి. ఆ అడుగుని తాకేదాకా పోయొద్దు.

డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. గ్రాసరీ స్టోర్‌లో గ్యాలన్ డబ్బాల్లో దొరుకుతుంది, కాగితం మీద "డిస్టిల్డ్" అన్న మాటే ఉండాలి. "స్ప్రింగ్", "డ్రింకింగ్" అన్నవి పనికిరావు. డాలస్ చుట్టుపక్కల కుళాయి నీళ్ళలో సున్నం ఎంతుంటుందో కెటిల్ అడుగు చూస్తే తెలుస్తుంది. మన వైపు ఏసీ నుంచి కారే నీళ్ళు పట్టి ఇన్వర్టర్‌లో పోసే అలవాటు చాలామందికి ఉంది. ఆ నీళ్ళు రాగి, అల్యూమినియం గొట్టాల మీద, దుమ్ము మీద పారి వస్తాయి. ఆ లోహాలు బ్యాటరీలో చేరితే తనంతట తానే దిగిపోవడం మొదలవుతుంది. పాతవాళ్ళు చెప్పిన చాలా మాటలు నేను పాటిస్తాను గానీ ఇది మాత్రం పాటించకండి.

యాసిడ్ ఎప్పుడూ పోయకండి. ఆవిరయ్యేది నీళ్ళే, యాసిడ్ లోపలే ఉంటుంది.

వేసవిలో, అంటే మే నుంచి సెప్టెంబర్ దాకా, రెండు వారాలకోసారి చూడండి. చలికాలంలో నెలన్నరకోసారి చాలు. గరాజ్‌లో 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన రోజుల్లో నీళ్ళు తొందరగా తగ్గుతాయి, బ్యాటరీ వయసూ తొందరగా తరుగుతుంది. ప్రతి 10 డిగ్రీల సెల్సియస్ వేడికీ ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందని ఈ రంగంలో ఒక లెక్క చెబుతారు. ఉష్ణోగ్రతని బట్టి వోల్టేజీ సర్దుకునే ఛార్జర్ ఇక్కడ ఊరికే కొన్న హంగు అనిపించదు.

కొలవడం నేర్చుకోండి

పచ్చలైటుని నమ్మి నేను ఎక్కడ తేలానో పైన చెప్పాను. వోల్టేజీ కొలిచే ఇరవై డాలర్ల మల్టీమీటర్ ఒకటి కొని పడవ సంచిలో పడేయండి. ఛార్జర్ తీసేసిన వెంటనే కొలిస్తే 13 పైనే చూపిస్తుంది, అది పైపై పొంగు. కనీసం నాలుగైదు గంటలు, వీలైతే రాత్రంతా ఆగి కొలవండి. లెడ్ యాసిడ్‌లో 12.6 నుంచి 12.7 అంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు. 11.8కి దిగితే ఖాళీ. ఏజీఎం నిండితే కాస్త ఎక్కువ, 12.8 పైన ఉంటుంది.

సరస్సు మీద మోటారు ఆపి రెండు నిమిషాలు ఆగి కొలిచినా ఒక అంచనా వస్తుంది. మధ్యాహ్నానికి 12.3 కనబడిందంటే ఇంటిముఖం పట్టాల్సిన వేళయింది. మోటారు తిరుగుతుండగా కొలిచిన అంకెని చూసి కంగారుపడకండి, బరువు లాగుతున్నప్పుడు వోల్టేజీ దిగడం మామూలే.

ఫ్లడెడ్ బ్యాటరీ ఉన్నవాళ్ళు హైడ్రోమీటర్ కూడా కొనండి, అది యాసిడ్ నీళ్ళ సాంద్రత కొలుస్తుంది. వోల్టేజీ ఆరు సెల్స్‌నీ కలిపి చెబుతుంది, హైడ్రోమీటర్ ఒక్కోదాన్నీ విడిగా చెబుతుంది. నిండిన సెల్‌లో 1.265 దగ్గర, సగం దిగిన దాంట్లో 1.190 దగ్గర ఉండాలి. ఐదు సెల్స్ 1.260 చూపించి ఒకటి 1.200 దగ్గరే నిలిచిపోతే ఆ సెల్ చెడిపోతోందని అర్థం. అన్నీ సమానంగా కాస్త తక్కువ ఉంటే, ఛార్జర్‌లో "ఈక్వలైజ్" అన్న మీట ఉండి, బ్యాటరీ కంపెనీ ఒప్పుకుంటే, ఆ పద్ధతిలో ఒకసారి పెట్టండి. అందులో వోల్టేజీ 15 దాటుతుంది, సెల్స్ గట్టిగా ఉడుకుతాయి, కొంత సల్ఫేట్ వదులుతుంది. పక్కనే ఉండి చూసుకోవాలి, అయ్యాక నీళ్ళు సరిచూడాలి. ఏజీఎంకీ లిథియంకీ ఈ పని అసలు చేయకండి. నీళ్ళు పోసిన వెంటనే హైడ్రోమీటర్ పెడితే తప్పు అంకె వస్తుందన్నదీ మర్చిపోవద్దు, నీళ్ళు కలవడానికి ఒక ఛార్జింగ్ పడుతుంది.

కొలిచిన అంకెలన్నీ తేదీతో బ్యాటరీ పెట్టె మూత లోపల మార్కర్‌తో రాస్తూ ఉండండి. మూడో ఏడు ఆ వరస చూస్తే, బ్యాటరీ నడి సరస్సులో ఆగేదాకా వేచి ఉండక్కర్లేదు.

టెర్మినల్స్, వైర్లు, బ్రేకర్

మోటారు బలం తగ్గిందని చాలామంది బ్యాటరీ మార్చేస్తారు, తీరా చూస్తే తప్పు టెర్మినల్ దగ్గర ఉంటుంది. తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుంటే వైరు విప్పి, వంటసోడా నీళ్ళలో కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. మూతలు గట్టిగా బిగించాకే రుద్దాలి, వంటసోడా చుక్క లోపల పడితే యాసిడ్‌ని చంపేస్తుంది. మంచినీళ్ళతో కడిగి, ఆరనిచ్చి, బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పల్చగా పూయండి. పూత బిగించిన తర్వాతే, లోహానికీ లోహానికీ మధ్యలో కాదు.

బ్యాటరీతో వచ్చే చెవుల నట్టు పడవ కుదుపులకి వదులైపోతుంది. వదులైన చోట 40, 50 ఆంపియర్లు పారితే ఆ చోటు కాలి, సీసపు బొడిపె కరిగిపోతుంది. మామూలు స్టెయిన్‌లెస్ నట్టు, స్ప్రింగ్ వాషర్ వేసి స్పానర్‌తో బిగించండి. ప్రతి ప్రయాణం ముందు చేత్తో వైరు కదిపి చూడండి.

మోటారు వైరుని పడవ వెనకవరకు పొడిగించాలంటే సన్నటి వైరు వాడొద్దు. 50, 55 పౌండ్ల మోటారుకి పది అడుగుల దూరమైతే 6 గేజ్ రాగి వైరు, బ్యాటరీ ప్లస్‌కి వీలైనంత దగ్గరగా 60 ఆంపియర్ల బ్రేకర్ పెట్టండి. టెక్సస్‌లోనే ఉన్న లేక్ ఫోర్క్ సరస్సు లాంటి చోట, 1980లో నీళ్ళు నింపినప్పుడు మునిగిన చెట్లు ఇంకా నీటికింద నిలబడే ఉన్నాయి. రెక్క మొద్దులో ఇరుక్కుంటే మోటారు లాగే కరెంటు ఒక్కసారిగా పెరుగుతుంది. బ్రేకర్ లేకపోతే వైరే కాలుతుంది.

24 వోల్టులైతే

70, 80 పౌండ్ల మోటారుకి రెండు బ్యాటరీలు కావాలి. మొదటిదాని ప్లస్ నుంచి రెండోదాని మైనస్‌కి ఒక తీగ, మిగిలిన రెండు చివరలూ మోటారుకి. రెండూ ఒకే కంపెనీ, ఒకే సైజు, ఒకే రోజు కొన్నవి అయి ఉండాలి. పాతదానికి కొత్తదాన్ని జోడిస్తే పాతది ముందు అడుగంటి, కొత్తదాన్ని కూడా తనతో లాక్కుపోతుంది. ఛార్జింగ్‌కి రెండు బ్యాంకుల ఆన్‌బోర్డ్ ఛార్జర్ హాయి, దేనికది విడిగా నింపుతుంది. ఒక్క 12 వోల్టుల ఛార్జరే ఉంటే మధ్య తీగ విప్పి ఒకదాని తర్వాత ఒకటి పెట్టండి.

లిథియం కొన్నవాళ్ళకి

100 ఆంపియర్ అవర్ల లిథియం పదకొండు, పన్నెండు కిలోలే ఉంటుంది. నీళ్ళు లేవు, సల్ఫేట్ లేదు, సగం ఛార్జ్‌తో వదిలేసినా ఏమీ కాదు. నిజానికి దాన్ని నెలలపాటు పక్కన పెట్టేటప్పుడు సగం దగ్గరే ఉంచాలి. లిథియంకి చేసిన ఛార్జర్ విడిగా కొనండి, 14.4 నుంచి 14.6 దగ్గర ఆగేది. వాతావరణం 32 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే చల్లగా ఉన్నప్పుడు ఛార్జ్ చేయకండి, వాడుకోవచ్చు గానీ నింపకూడదు. వోల్టేజీ చూసి ఎంత మిగిలిందో చెప్పలేం. దాదాపు ఆఖరిదాకా 13 దగ్గరే నిలబడి, ఒక్కసారిగా లోపలి రక్షణ సర్క్యూట్ ఆపేస్తుంది. అందుకని ఆంపియర్లు లెక్కబెట్టే షంట్ మీటర్ పెట్టుకోండి, తెడ్డు మాత్రం పడవలోంచి తీయకండి.

చలికాలం

టెక్సస్‌లో చలేముందిలే అనుకునేవాళ్ళం. 2021 ఫిబ్రవరి 16న డాలస్ ఎయిర్‌పోర్ట్ దగ్గర మైనస్ 2 ఫారెన్‌హీట్, అంటే మైనస్ 19 సెల్సియస్ నమోదైంది. కరెంటు లేదు, గరాజ్‌లో కుళాయిలే పగిలాయి. నిండుగా ఛార్జ్ అయిన లెడ్ యాసిడ్ బ్యాటరీ మైనస్ 50 సెల్సియస్ దాకా గడ్డకట్టదు. పూర్తిగా దిగిపోయినదాంట్లో మిగిలేది దాదాపు నీళ్ళే కాబట్టి మైనస్ 7 నుంచి 10 మధ్యే గడ్డకట్టి డబ్బా పగులుతుంది. మా పక్కింటాయన నవంబర్‌లో వదిలేసిన బ్యాటరీ అలా పక్కకి ఉబ్బి చీలిపోయింది. అదే గరాజ్ వరసలో, నిండుగా ఉంచిన మాది ఏమీ కాకుండా బయటపడింది. ఉబ్బినదాన్ని, గడ్డకట్టినదాన్ని ఛార్జ్ చేయబోకండి, పేలే ప్రమాదం ఉంది.

నాలుగు నెలలు వాడనప్పుడు నిండుగా ఛార్జ్ చేసి, వైర్లు విప్పి, పైన తుడిచి, చల్లటి పొడి చోట పెట్టండి. సిమెంటు నేల మీద పెడితే దిగిపోతుందన్నది పాత బ్యాటరీ డబ్బాల కాలం నాటి మాట, ఇప్పటి ప్లాస్టిక్ డబ్బాలకి వర్తించదు. దానంతటది నెలకి కొంత దిగుతూనే ఉంటుంది కాబట్టి నెలకోసారి కొలిచి, 12.4కి వస్తే మళ్ళీ నింపండి. ఆగిపోయే తెలివి ఉన్న చిన్న మెయింటెయినర్ ఛార్జర్ తగిలించి ఉంచినా సరే.

పాతదాన్ని మార్చేటప్పుడు

నిండుగా ఛార్జ్ చేసి రాత్రంతా ఆగాక కూడా 12.4 దాటకపోతేనో, మీ రాతల్లో ఒక సెల్ వెనకబడుతూ వస్తుంటేనో, ఆటో పార్ట్స్ దుకాణానికి తీసుకెళ్ళి లోడ్ టెస్ట్ (బరువు లాగించి బలం చూసే పరీక్ష) చేయించండి. చాలాచోట్ల డబ్బు తీసుకోరు. కొత్తది కొన్నప్పుడు పాతది తెచ్చేదాకా కోర్ ఛార్జ్ అని కొంత సొమ్ము పట్టి ఉంచుతారు, పాతది ఇస్తే తిరిగి ఇచ్చేస్తారు. కారులో నిటారుగా, ప్లాస్టిక్ తొట్టిలో, పట్టీ వేసి తీసుకెళ్ళండి. టెర్మినల్స్ మీద టేపు అంటించండి. కొత్తదాన్ని ఇంటికి తెచ్చాక పడవలో బిగించకముందే ఒక రాత్రి ఛార్జింగ్‌లో పెట్టండి. దుకాణం అరలో అది ఎన్ని నెలలు కూర్చుందో డబ్బా మీది తేదీ ముద్ర చూస్తే తెలుస్తుంది, మూడు నెలలు దాటి ఉంటే ఇంకోటి అడగండి. పొద్దున ఛార్జర్ తీసి, సాయంత్రం దాకా ఆగి, కొలిచి, పెట్టె మూత లోపల మొదటి అంకె రాయండి.